82 మోడల్ పద్మిని: స్టార్ట్ అయింది కానీ 20 నిమిషాలకోసారి ఆగిపోతోంది

పాతబండి_82 · ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాన్నగారి ప్రీమియర్ పద్మిని, 1982 మోడల్, 2009 నుంచి ఇంటి వెనక పాకలో పడి ఉంది. ఆయన పోయి మూడేళ్లయింది. పాక పీకించి గది వేయిద్దామని అమ్మ అంటోంది. తుక్కువాళ్లు వచ్చి బండి చుట్టూ తిరిగి, కిలోల లెక్కన ధర చెప్పి వెళ్లారు. ఇవ్వబుద్ధి కాలేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బండి. తెచ్చిన మరుసటి ఏడాది డిసెంబరులోనే మారుతి 800 వచ్చింది. ఊళ్లో అందరూ అటు మారినా నాన్న మాత్రం దీన్ని వదల్లేదు.

నాకు స్కూటర్ ప్లగ్గు తుడవడం తప్ప ఏమీ రాదు. డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ తుప్పు పట్టి నేల కనిపిస్తోంది. సీట్లు ఎలుకలు తినేశాయి. ఇంజిన్ తిరుగుతుందో లేదో తెలీదు. ఆదివారం కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూద్దామనుకుంటున్నాను. బడ్జెట్ లక్ష, మహా అయితే లక్షన్నర. ఏమంటారు?

బెజవాడ_పానా · ఫిబ్రవరి 9

సెల్ఫ్ కొట్టొద్దు! ముందు ఆ బ్యాటరీ ఆలోచన పక్కన పెట్టండి.

ఇన్నేళ్లు కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు బోరుకి (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టానికి) అంటుకుపోయి ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరిగి బోరు గీసుకుపోతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు. నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో రంధ్రంలో రెండు స్పూన్ల ఇంజిన్ ఆయిల్ పోయండి. రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ నెట్టండి. కదిలిందంటే అదృష్టం. పాత ఆయిల్ మొత్తం దించి కొత్తది పోసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.

ట్యాంకులో ఉన్న పెట్రోల్ జోలికి వెళ్లొద్దు. ఈపాటికి అది జిగురయిపోయి ఉంటుంది. ఒక బాటిల్లో కొత్త పెట్రోల్ పోసి పైకి కట్టి, పైపు నేరుగా పంపుకి ఇవ్వండి. ఆటోనగర్ షెడ్లలో అందరూ చేసేది ఇదే.

అంబాసిడర్_అభిమాని · ఫిబ్రవరి 9

అదే మీ నాన్నగారు అంబాసిడర్ కొని ఉంటే ఈపాటికి మీరు గుంటూరు వెళ్లి వచ్చేసేవారు 😀

బెజవాడ_పానా · ఫిబ్రవరి 9

వెళ్లేవారు సరే, స్టీరింగ్ తిప్పి తిప్పి భుజాలు పడిపోయి ఉండేవి. అన్నా, పద్మిని అన్నా ఫియట్ అన్నా ఒకటే, ఇది ఫియట్ చర్చ, మమ్మల్ని వదిలెయ్.

హనుమకొండ_స్టీరింగ్ · ఫిబ్రవరి 10

ఇంజిన్ సంగతి పానా గారు చెప్పారు. నేను బ్రేకుల గురించి చెప్తాను, ఎందుకంటే నాకు ఆ అనుభవం అయింది.

మా తాతయ్య గారిది 79 పద్మిని. ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయిన సంతోషంలో కాలనీలో ఒక రౌండు వేద్దామని బయటికి తీశాను. మా వీధి చివర పల్లం. బ్రేకు తొక్కితే పెడల్ ఏ అడ్డూ లేకుండా ఫ్లోర్‌కి ఆనుకుంది. హ్యాండ్‌బ్రేక్ బ్రేక్ ఆయిల్‌తో సంబంధం లేకుండా విడిగా పనిచేస్తుంది కాబట్టి బతికాను. అయినా బండి కరెంటు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది.

తర్వాత విప్పి చూస్తే ఒక వెనక వీల్ సిలిండర్‌లో (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో చక్రం దగ్గర బ్రేకుని నొక్కే భాగం) రబ్బరు కప్పు చిరిగి ఉంది. ఈ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి గాల్లోని తేమ పీల్చుకుంటుంది, ఆ తేమకి సిలిండర్లు లోపల్నుంచి తుప్పు పడతాయి. పైకి మాత్రం ఏమీ కనిపించదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకే గదిది అయితే ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. కాబట్టి వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, మాస్టర్ కిట్టు అన్నీ మార్చేయండి, డ్రమ్ములు లేత్‌లో చూపించండి. "ఇది బాగానే ఉంది మేడమ్, తుడిస్తే చాలు" అని మెకానిక్ అంటాడు. వినకండి.

బ్రేకులయ్యాకే రోడ్డు.

మూడో_గేర్ · ఫిబ్రవరి 10

15 ఏళ్లు దాటిన బండ్లన్నీ ఇప్పుడు తుక్కే కదా బ్రో? ఇంత ఖర్చు పెట్టాక పోలీసులు పట్టుకుంటే?

రాణిగంజ్_రౌండ్స్ · ఫిబ్రవరి 10

ఈ మాట ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు అంటారు. 15 ఏళ్ల పెట్రోల్, 10 ఏళ్ల డీజిల్ నిషేధం గొడవంతా ఢిల్లీ చుట్టుపక్కలది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూ చేయనిది ప్రభుత్వ వాహనాలకి. మన సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యూ చేయించుకోవచ్చు, ఐదేళ్లకోసారి. 2022 ఏప్రిల్‌లో కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెల లెక్కన అదనంగా పడుతుంది, కాబట్టి మీది కాస్త మోత మోగుతుంది. వెళ్లే ముందు ఇప్పటి ఫీజులు ఒకసారి చూసుకోండి.

తండ్రిగారి పేరున ఉంది కాబట్టి ముందు పేరు మార్పు. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు కావాలి. బండి తయారయ్యేదాకా ఆగకుండా ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. కాగితాల కన్నా, పెట్రోల్‌ని గాలితో కలిపే ఆ కార్బురేటరే నయమని మీకే తెలుస్తుంది.

వింటేజ్ నంబర్ (బాగా పాత బండ్లకిచ్చే ప్రత్యేక నంబర్) కోసం మాత్రం తొందరపడకండి. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే మీకు 2032. పైగా వీఏ సిరీస్ నంబర్ తీసుకుంటే ర్యాలీకీ, ప్రదర్శనకీ, పెట్రోల్ కొట్టించడానికీ, రిపేర్‌కీ తప్ప మామూలుగా తిప్పకూడదు. నా దగ్గర 1973 ఫియట్ ఉంది. నేను ఆ నంబర్ తీసుకోలేదు. ఆదివారం పొద్దున దాంట్లో ఇడ్లీ తినడానికి వెళ్లలేకపోతే ఇక ఆ బండి ఎందుకు?

పాతబండి_82 · ఫిబ్రవరి 23

అన్నా పానా గారూ, కదిలింది! మూడు రోజులు ఆయిల్ పోసి ఉంచాను. మొదట రాయిలా ఉంది. మా బావమరిదీ నేనూ ముందుకు నెట్టి, వెనక్కి లాగి, పదోసారికి "కిర్ర్" మని తిరిగింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

బ్రేకులు మొత్తం విప్పించాను. మేడమ్ చెప్పిందే నిజం, నాలుగింటిలో మూడు వీల్ సిలిండర్లు లోపల గుంటలు పడ్డాయి. మెకానిక్ అచ్చంగా ఆ మాటే అన్నాడు, "తుడిస్తే చాలు" అని.

సామాను ఎక్కడ దొరుకుతుంది? తెనాలిలో అడిగితే నవ్వుతున్నారు.

రాణిగంజ్_రౌండ్స్ · ఫిబ్రవరి 24

హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి చూడండి. షాపు ముందు నిలబడి "పద్మినికి ఉందా" అని అడిగితే లేదంటారు. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని లోపలికెళ్లి దుమ్ము పట్టిన డబ్బా తెస్తాడు. మద్రాసు పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు కూడా ఉన్నాయి. బాంబే అయితే ఈ బండికి పుట్టిల్లు, కుర్లాలోనే కదా తయారైంది. అక్కడ ట్యాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. అంతకాలం లక్షల మైళ్లు నడిపించిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, సామానూ ఉంది.

ఇంకోమాట. ఇది ఇటలీ వాళ్ల ఫియట్ 1100డీనే, మన దగ్గర 1964లో మొదలై, 1974లో పద్మిని అని పేరు మారింది. ఇంజిన్ అదే 1089 సీసీ. కాబట్టి సామాను అడిగేటప్పుడు "పద్మిని" అంటే లేకపోయినా "ఫియట్" అంటే దొరకొచ్చు.

విశాఖ_ఉప్పుగాలి · ఫిబ్రవరి 24

ఫ్లోర్ తుప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఊరి గాలికి ఈ విషయంలో నేను పండితుణ్ని. టింకరింగ్ (బాడీ రేకు పని) వాళ్లు తుప్పు మీద ఫైబర్ అంటించి, పుట్టీ పూసి, రంగు కొట్టి అద్దంలా చేసి ఇస్తారు. రెండో వానాకాలానికి పొంగుతుంది. తుప్పు పట్టిన భాగం కోసేసి, మంచి రేకు కనబడేదాకా వెళ్లి, కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. ఈ బండికి కింద విడిగా ఛాసిస్ (ఇనుప చట్రం) లేదు, బాడీయే బలం. జాకీ పెట్టే చోటు, వెనక కమాన్ కట్టలు తగిలించే చోటు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగబడితే రంగు, సీట్ల డబ్బులన్నీ అక్కడే పెట్టండి.

పాతబండి_82 · ఏప్రిల్ 6

ఆలస్యానికి క్షమించండి. వెల్డింగ్ వాడు నెల తిప్పాడు. ఇప్పటికి లక్షా పదివేలు అయింది. ఇంట్లో మాత్రం అరవై అని చెప్పాను.

బండి నడుస్తోంది! పెట్రోల్ ట్యాంకు దించి కడిగించాను, కార్బురేటర్ శుభ్రం చేయించాను, పాయింట్ సెట్ (ప్లగ్గుల్లో నిప్పు పుట్టించే స్విచ్చు లాంటిది), ప్లగ్గులు కొత్తవి. గేర్లు స్టీరింగ్ పక్కనే కాబట్టి మొదట్లో చేయి కిందికి వెళ్లి ఖాళీ గాలిని పట్టుకునేది, ఇప్పుడు అలవాటైంది.

సమస్య ఏంటంటే, సరిగ్గా 20 నిమిషాలకి ఆగిపోతోంది. గుంటూరు వైపు తీసుకెళ్తే మూడుసార్లూ సంగంజాగర్లమూడి దగ్గరే ఆగింది. ముందు రెండుసార్లు జర్క్ ఇస్తుంది, తర్వాత ఊపిరి పోయినట్టు చచ్చిపోతుంది. అరగంట ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మళ్లీ 20 నిమిషాలు. అక్కడి టీ కొట్టతను నన్ను చూడగానే గ్లాసు కడుగుతున్నాడు. టెన్షన్‌గా ఉంది, అమ్మని ఎక్కించాలంటే భయం.

మూడో_గేర్ · ఏప్రిల్ 6

వేపర్ లాక్ బ్రో, వంద శాతం. ఎండకి పైపులో పెట్రోల్ ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేయండి.

అంబాసిడర్_అభిమాని · ఏప్రిల్ 6

కండెన్సర్, పాయింట్లతో పాటు ఉండే చిన్న విద్యుత్ భాగం. వేడెక్కాక పోతుంది, చల్లారితే పనిచేస్తుంది. నా బండికి ఇలాగే అయింది.

ఆటో_విద్యుత్ · ఏప్రిల్ 7

ప్లగ్గులకి వోల్టేజీ పెంచి ఇచ్చే కాయిల్ కూడా అలాగే చేస్తుంది. చేత్తో ముట్టుకుంటే కాలుతోందా?

పాతబండి_82 · ఏప్రిల్ 13

తడిగుడ్డ వేశాను. కండెన్సర్ మార్చాను. కాయిల్ మార్చాను. పంపుకి కొత్త డయాఫ్రమ్ (లోపల ఆడే పొర) కిట్టు కూడా వేయించాను, అన్నీ ఒకే రోజు. మళ్లీ సంగంజాగర్లమూడి. టీ కొట్టతను ఈసారి డబ్బులు తీసుకోలేదు.

హనుమకొండ_స్టీరింగ్ · ఏప్రిల్ 13

తమ్ముడూ, కోప్పడుతున్నాననుకోకు. నాలుగు వస్తువులు ఒకేసారి మారిస్తే బండి బాగైనా ఏది బాగు చేసిందో తెలీదు, బాగుకాకపోతే కొత్త వస్తువుల్లో ఏది పాడో తెలీదు. ఇప్పుడొచ్చే కండెన్సర్లు డబ్బాలోంచి తీసినప్పుడే చచ్చినవి ఉంటున్నాయి. పాతవి పారేయలేదు కదా?

వేపర్ లాక్, కండెన్సర్, కాయిల్, ఈ మూడింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. ఊహించి లాభం లేదు. ఈసారి బండి ఆగిన వెంటనే, చల్లారకముందే రెండు చూడు. ఒకటి, ఒక ప్లగ్గు వైరు తీసి విడి ప్లగ్గు ఒకటి తగిలించి ఇంజిన్ లోహానికి ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. నిప్పు నీలంగా గట్టిగా వస్తోందా? రెండు, ఆ వైరు తిరిగి పెట్టేసి, కార్బురేటర్‌కి వెళ్లే పైపు విప్పి బాటిల్లోకి పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించు. పెట్రోల్ చిమ్ముతోందా? ఈ రెండూ ఒకేసారి మాత్రం చేయొద్దు. పక్కన నిప్పు, ఇక్కడ పెట్రోల్ ఉంటే బండితో పాటు కనుబొమ్మలు కూడా పోతాయి. మంటలార్పే చిన్న సిలిండర్ ఒకటి బండిలో పెట్టుకో.

పాతబండి_82 · ఏప్రిల్ 15

అక్కా, చూశాను. నిప్పు నీలంగా ఉంది. పెట్రోల్ రాలేదు. రెండు చుక్కలు పడి ఆగింది. ట్యాంకులో పది లీటర్లు ఉన్నాయి.

మూడో_గేర్ · ఏప్రిల్ 15

చెప్పాను కదా, వేపర్ లాక్! ఎలక్ట్రిక్ పంపు పెట్టేయండి, పీడ పోతుంది.

బెజవాడ_పానా · ఏప్రిల్ 15

ఎలక్ట్రిక్ పంపు తర్వాత. నాకో అనుమానం. వేపర్ లాక్ అయితే పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ తేడా ఉండాలి. మీరు ఏ వేళ తీసినా 20 నిమిషాలేనా?

పాతబండి_82 · ఏప్రిల్ 15

అవునండి. నిన్న పొద్దున ఐదున్నరకి బయల్దేరాను, చల్లగానే ఉంది. అదే ఊరు, అదే చోటు.

బెజవాడ_పానా · ఏప్రిల్ 15

అయితే వేడి కాదు. ట్యాంకు కడిగించారన్నారు, లోపలి తుప్పు రేకులుగా లేచి పైపు మూతికి అడ్డం పడుతూ ఉండొచ్చు. బండి ఆగితే అది కిందికి జారిపోతుంది. మళ్లీ దించాలేమో. లేదా ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు లోపలి పొర ఊడి మూసుకుపోతోందేమో. ఈ ఇథనాల్ పెట్రోల్ వచ్చాక పాతకాలం రబ్బరు మెత్తబడిపోతోంది, దానికి తట్టుకునే రకం హోసు అని అడిగి తీసుకోవాలి.

డెట్రాయిట్_తెలుగు · ఏప్రిల్ 16

నేను ఫియట్ మనిషిని కాదు, ఇక్కడ నా దగ్గర 1966 మస్టాంగ్ ఉంది. ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఒక ప్రశ్న. మీ పెట్రోల్ ట్యాంకు మూత పాతదేనా?

పాతబండి_82 · ఏప్రిల్ 16

లేదండీ, పాతది తుప్పు పట్టిపోతే పారేశాను. తాళం ఉన్న కొత్త మూత వేయించాను, చక్కగా గట్టిగా పట్టింది. మూత విషయంలో ఏ ఇబ్బందీ లేదు.

డెట్రాయిట్_తెలుగు · ఏప్రిల్ 16

గట్టిగా పట్టిందంటేనే నాకు భయం.

పాత బండ్ల మూతకి చిన్న గాలి రంధ్రం ఉంటుంది. పంపు పెట్రోల్ లాగేకొద్దీ ఆ చోటు నింపడానికి ట్యాంకులోకి గాలి రావాలి. ఇక్కడ 1970ల మొదట్లో పెట్రోల్ ఆవిరి బయటికి పోకూడదని రూల్ వచ్చింది. అప్పట్నుంచి మూతలకి ఆ రంధ్రం తీసేసి, గాలి వేరే దారిన వచ్చే ఏర్పాటు చేశారు. కొత్త రకం మూత పాత బండికి పెడితే గాలి వచ్చే దారి ఉండదు. కాసేపటికి ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. బండి ఆగాక సందుల్లోంచి మెల్లగా గాలి చేరుతుంది, అరగంటకి మళ్లీ స్టార్ట్. మస్టాంగ్ కొన్న కొత్తలో నేను హైవే పక్కన రెండుసార్లు నిలబడ్డాను ఇందుకే.

ఈసారి ఆగినప్పుడు మూత తిప్పుతూ చెవి పెట్టి వినండి.

పాతబండి_82 · ఏప్రిల్ 17

సార్.

సంగంజాగర్లమూడి. మూత తిప్పాను. "సుయ్య్" మని కుక్కర్ విజిల్‌లో సగం శబ్దం, గాలి లోపలికి లాక్కుంది. టీ కొట్టతను కూడా విన్నాడు. మూత వదులుగా పెట్టి సెల్ఫ్ కొట్టాను. అరగంట ఆగలేదు, పది సెకన్లు కూడా ఆగలేదు. ఆ ఊపులో గుంటూరు వెళ్లి, శంకర్ విలాస్ సెంటర్‌లో తిరిగి, మళ్లీ తెనాలి వచ్చేశాను. ఎక్కడా ఆగలేదు.

కాయిల్, కండెన్సర్, పంపు కిట్టు, తడిగుడ్డ. అసలు దొంగ నేను డబ్బిచ్చి కొన్న మూత.

బెజవాడ_పానా · ఏప్రిల్ 17

ట్యాంకు మళ్లీ దించమన్నది నేనే. చెంపలేసుకుంటున్నాను. డెట్రాయిట్ గారికి దండం.

మూడో_గేర్ · ఏప్రిల్ 17

ఎలక్ట్రిక్ పంపు పెట్టినా ఆగేదా మరి?

హనుమకొండ_స్టీరింగ్ · ఏప్రిల్ 17

ఆగేదే, ఖర్చు మాత్రం ఎక్కువయ్యేది. తమ్ముడూ, మూత వదులుగా పెట్టి తిరగొద్దు, మలుపుల్లో పెట్రోల్ చిందుతుంది. గాలి రంధ్రం ఉన్న సరైన మూత దొరికేదాకా దూరం పోకు.

అంబాసిడర్_అభిమాని · ఏప్రిల్ 18

అభినందనలు. ఇక ఎండలు ముదురుతున్నాయి, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని ఆ థర్మోస్టాట్ పీకి పారేయండి. ఆంధ్రాలో దానితో పనేముంది?

బెజవాడ_పానా · ఏప్రిల్ 18

వద్దు వద్దు. ఈ మాట ప్రతి షెడ్డులోనూ చెప్తారు. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది, అంతసేపూ చోక్ మీద పెట్రోల్ తాగుతుంది, బోరు అరుగుతుంది. వేడి ఎక్కువైతే తప్పు రేడియేటర్‌లో ఉంటుంది. రేడియేటర్ లోపల రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ పెట్టి శుభ్రం) చేయించండి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి. ఈ ఇంజిన్ హెడ్డు (పైన బిగించే భాగం) అల్యూమినియం. ఒక్కసారి వేడికి వంగితే ఫేసింగ్ (చదును చేయించడం), కొత్త గ్యాస్కెట్, మళ్లీ ఖర్చు. టెంపరేచర్ ముల్లు మీద కన్నుంచండి.

అంబాసిడర్_అభిమాని · ఏప్రిల్ 18

నాది 11 ఏళ్లుగా థర్మోస్టాట్ లేకుండానే నడుస్తోంది.

బెజవాడ_పానా · ఏప్రిల్ 18

లీటరుకి ఎంత ఇస్తుందో కూడా చెప్పన్నా.

(అంబాసిడర్_అభిమాని గారు ఇంకా జవాబివ్వలేదు)

పాతబండి_82 · మే 4

మూత పుదుపేట నుంచి వచ్చింది. పాత సామానే, పైన సన్నటి రంధ్రం ఉంది, అగ్గిపుల్లతో పొడిచి చూసుకున్నాను. ఆర్‌సీ పేరు మార్పు అయింది, ఫిట్‌నెస్ వచ్చే వారం.

నిన్న అమ్మని ఎక్కించుకుని అంగలకుదురు దాకా వెళ్లొచ్చాను. ముందు సీట్లో కూర్చోమంటే వెనక, ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంటానంది. అది తన చోటట. అద్దం దించే హ్యాండిల్ రాదని నేను చెప్పేలోపే, దాన్ని కాస్త పైకెత్తి తిప్పింది. దిగింది. "మీ నాన్నకి కూడా ఇది తెలీదు" అంది.

గది సంగతి ఏమైందని అడగకండి. ప్రస్తుతానికి పాక ఉంది.

ఇప్పుడు కొత్త సమస్య. రాత్రి హెడ్‌లైట్లు వేసి హారన్ కొడితే ఎడమ ఇండికేటర్ మినుకుమంటోంది. ఎక్కడ చూడాలి?

ఆటో_విద్యుత్ · మే 4

ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే స్ట్రాప్, తర్వాత ఎడమ ముందు లైటు దగ్గర బాడీకి బిగించే స్క్రూ విప్పి, రంగు గీకి మళ్లీ బిగించండి. బాడీకి కొత్తగా రంగు వేశాక ఇలా జరుగుతుంది, రంగు మీదే స్క్రూ బిగించేస్తారు. ఏమీ కొనకండి.

హనుమకొండ_స్టీరింగ్ · మే 4

ఒక్కటే విప్పు తమ్ముడూ. చూశాక రెండోది.